సీసం చెప్పే లెక్క: ఫణిగిరి, దాని చుట్టూ పాత వర్తకపు దారులు

2024 మార్చి 29న సూర్యాపేట జిల్లా నాగారం మండలం ఫణిగిరిలో, గుట్టమీద తవ్వుతున్నవాళ్లకు మట్టిలో ఒక గుండ్రటి కుండ తగిలింది. పెద్దదేమీ కాదు. అడ్డం 16.7 సెంటీమీటర్లు, ఎత్తు 15. మూతిమీద లోతు తక్కువ పాత్ర ఒకటి బోర్లించి ఉంది, దాని లోపలివైపు పగిలిన గిన్నె అడుగు ఒకటి అదిమి ఉంది. దాచినవాళ్లు ఎంత జాగ్రత్తగా దాచారో ఆ రెండు మూతలే చెబుతాయి. లోపల 3,730 సీసపు నాణేలు ఉన్నాయి. ఒక్కోటి సగటున 2.3 గ్రాములు. ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయినీ గుర్తు, అంటే కూడిక గుర్తు నాలుగు కొసలకూ నాలుగు సున్నాలు తగిలించినట్టుండే బొమ్మ. అన్నీ కలిపి తూకం వేస్తే ఎనిమిదిన్నర కిలోలు. పురావస్తు శాఖవాళ్లు వీటిని శాతవాహనుల తర్వాత నాగార్జునకొండ రాజధానిగా ఏలిన ఇక్ష్వాకుల కాలానివని తేల్చారు.

ఇదే పాత నల్లగొండ జిల్లాలో, అక్కన్‌పల్లిలో, అంతకుముందెప్పుడో మరో నిధి దొరికింది. అందులో 1,531 రోమన్ వెండి దీనారాలున్నాయి. అవి ఎక్కువగా రోమ్ చక్రవర్తులు ఆగస్టస్, టైబీరియస్ ముద్రించినవి. పరమేశ్వరీలాల్ గుప్తా వాటిని పరిశీలించి 1965లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ మ్యూజియం ప్రచురణగా వచ్చిన పుస్తకంలో నమోదు చేశారు. టైబీరియస్ కాలంలో రోమ్ సైన్యంలో మామూలు సిపాయికి ఏడాది జీతం 225 దీనారాలు. ఆ లెక్కన అక్కన్‌పల్లి కుండలోని సొమ్ము ఒక సిపాయికి దాదాపు ఏడేళ్ల జీతం. రోమ్ సామ్రాజ్యంలో ముద్రపడ్డ అయిదు కిలోలకు పైబడిన వెండి, జొన్నచెలకల మధ్య ఒక ఊళ్లో తేలింది.

ఈ రెండు కుండల మధ్య రెండు మూడు శతాబ్దాల దూరం ఉంది. తెలంగాణ దక్షిణ మెట్టనేలల తొలి వాణిజ్యం గురించి రాసినవాళ్లలో ఎక్కువమంది చూపు వెండి కుండ మీదే నిలిచింది. రోమన్ నాణెం మెరుస్తుంది, దానిమీద చక్రవర్తి పేరుంటుంది, కాలం తేలిగ్గా తేలుతుంది. సీసపు నాణెం నల్లగా, మెత్తగా, గీకితే గీత పడేట్టుంటుంది. అయినా ఆ కాలంలో ఈ నేలమీద ఎవరు ఏం కొన్నారు, ఏం అమ్మారు, ఫణిగిరిలాంటి ఊరికి అందులో ఏ పాత్ర ఉంది అన్న ప్రశ్నకు సీసపు కుండే ఎక్కువ జవాబిస్తుంది. ఈ వ్యాసం నిలబడేది ఆ పక్షానే.

ముందు దారి సంగతి. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడో వర్తకుడో రాసిన ‘ఎర్రసముద్రపు పెరిప్లస్’ అనే ఓడల దారి పుస్తకంలో తూర్పు తీరాన మసాలియా అనే ప్రాంతం పేరు వస్తుంది. అక్కడ సన్నని నూలుబట్ట విస్తారంగా నేస్తారని అందులో ఉంది. మసాలియా అంటే కృష్ణా డెల్టా, మచిలీపట్నం వైపు నేల. అదే పుస్తకంలో తగర అనే ఊరి ప్రస్తావన ఉంది. అది నేటి మహారాష్ట్ర ధారాశివ్ జిల్లాలోని తేర్. తగర నుంచి పడమటి రేవు భరుకచ్ఛానికి బండ్లమీద బట్టలు వెళ్తాయని, వాటితోపాటు సముద్రతీర ప్రాంతాల నుంచి తగరకు చేరిన సరుకులు కూడా వెళ్తాయని రచయిత రాశాడు. తేర్ నడి దక్కనులో ఉంది. అక్కడికి సముద్రపు సరుకు చేరాలంటే తూర్పు నుంచి ఒక దారి ఉండి తీరాలి.

ఆ దారిని పటం మీద వెతికిన మనిషి శాసన పరిశోధకుడు జె.ఎఫ్. ఫ్లీట్. 1901లో ఆయన తగర గురించి రాస్తూ రెండు బాటలను సూచించాడు. ఒకటి మచిలీపట్నం నుంచి, రెండోది వినుకొండ నుంచి బయల్దేరుతాయి. రెండూ హైదరాబాదుకు తూర్పు ఆగ్నేయంగా పాతిక మైళ్ల దూరంలో కలుస్తాయి. అక్కణ్ణుంచి ఒకటే బాటగా తేర్, పైఠాన్, దౌలతాబాద్‌ల మీదుగా పడమటి కనుమలకు చేరుతుంది. ఫ్లీట్ చెప్పిన కూడలిని నేటి లెక్కలో చూస్తే అది పాత నల్లగొండ జిల్లా పడమటి అంచు దగ్గరికి వస్తుంది. విజయవాడ నుంచి నందిగామ, కోదాడ, సూర్యాపేట, నకిరేకల్, చౌటుప్పల్ మీదుగా హైదరాబాదు వచ్చే 65వ నంబరు జాతీయ రహదారిలో రోజూ తిరిగేవాళ్లకు ఈ దారి కొత్తగా అనిపించదు. నేల వాలు, వాగులు దాటే తావులు, నీళ్లు దొరికే చోట్లు మారనంతకాలం బాట కూడా పెద్దగా మారదు.

ఫణిగిరి ఈ బాటకు కాస్త ఉత్తరంగా, సూర్యాపేటకు దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో, బిక్కేరు వాగు ఒడ్డున ఉంది. బిక్కేరు మూసీలో కలుస్తుంది. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కృష్ణ వెంట దిగితే ధరణికోట, ఆ తర్వాత ఘంటసాల. అంటే ఫణిగిరి గుట్టమీద పడ్డ వాన చివరికి ఇక్ష్వాకుల కాలపు రేవులకే చేరేది. గుట్ట పడగెత్తిన పాములా కనిపిస్తుంది కాబట్టి ఊరికి ఆ పేరు. కింద చెలకలు, చెరువు, ఊరు. పైన మహాస్తూపం, గజపృష్ఠాకారపు చైత్యాలు, విహారాలు, స్తంభాల మంటపాలు. నిజాం కాలంలోనే, 1941-44 మధ్య, ఖ్వాజా మహమ్మద్ అహ్మద్ ఆధ్వర్యంలో ఇక్కడ తొలి తవ్వకాలు జరిగాయి. తర్వాత చాలాకాలం పని ఆగిపోయింది. 2001 తర్వాత రాష్ట్ర పురావస్తు శాఖ మళ్లీ మొదలుపెట్టాక తోరణాల దూలాలు, బుద్ధుడి శిల్పాలు, శాసనాలు బయటపడ్డాయి. వాటిలో కొన్ని 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో తొలినాటి బౌద్ధ కళ మీద జరిగిన పెద్ద ప్రదర్శన దాకా వెళ్లొచ్చాయి.

ఆ తోరణాల రాయి దగ్గర కాసేపు ఆగాలి. ఫణిగిరి గుట్ట పాత నల్లగొండ జిల్లాలోని మిగతా గుట్టల్లాగే గ్రానైటు బండ. చుట్టుపక్కల పొలాల్లో ఎక్కడ తవ్వినా అదే. శిల్పాలు మాత్రం సున్నపురాయివి. సన్నని రేకుల్లా చెక్కడానికి లొంగే రాయి అది. కృష్ణ ఒడ్డున హుజూర్‌నగర్, మేళ్లచెర్వు, మఠంపల్లి వైపు, నది దాటితే పల్నాడులో పరుచుకుని ఉంటుంది. నేటి సిమెంటు ఫ్యాక్టరీలన్నీ అక్కడ చేరింది ఆ రాయి కోసమే. ఆ నేలల నుంచి ఫణిగిరికి చేరాలంటే రాయి ఎన్నో పదుల కిలోమీటర్లు ఎగువకు ప్రయాణించాలి. మనిషికంటే పొడవైన తోరణపు దూలం ఎడ్ల బండిమీద ఎక్కించి, వాగులు దాటించి, చివరికి గుట్ట ఎక్కించాలంటే బాట ఉండాలి, ఎడ్లుండాలి, దారిలో మేతా నీళ్లూ దొరకాలి, కూలి ఇచ్చేవాళ్లుండాలి. పుస్తకాల్లో దీన్ని కళాచరిత్ర కింద రాస్తారు. నిజానికి ఫణిగిరికి బయటినుంచి వచ్చిన సరుకుల్లో కంటికి కనిపించే వాటిలో అతి బరువైన సరుకు ఈ రాయే. అది రవాణా చరిత్ర.

చిన్న సరుకులూ అదే చెబుతాయి. తవ్వకాల్లో రాతిపూసలు, గాజుపూసలు, శంఖపు గాజుల ముక్కలు, ఇనుప మేకులు, కుండపెంకులు దొరికాయి. శంఖం సముద్రంలో పుడుతుంది. ఫణిగిరి నుంచి మచిలీపట్నం తీరం గాలివాటున కొలిచినా 200 కిలోమీటర్లకు పైనే. ఒక ఆడమనిషి చేతికి శంఖపు గాజు తొడుక్కుందంటే ఆమెకూ సముద్రానికీ మధ్య కనీసం నలుగురైదుగురు చేతులు మారి ఉంటాయి: శంఖం తీసినవాడు, కోసినవాడు, మోసినవాడు, అంగట్లో అమ్మినవాడు. రోమ్‌తో ఆమెకు పనిలేదు.

సరిగ్గా ఇలాంటి తర్కంతోనే ప్రపంచంలో మరోచోట కూడా పాత వర్తకాన్ని అంచనా కట్టారు. శాతవాహనుల సమకాలంలో, మధ్య అమెరికాలో, నేటి బెలీజ్ దేశపు ఉత్తరాన సముద్రపు ఒడ్డున సెర్రోస్ అనే మాయా పల్లె ఉండేది. క్రీస్తుకు ముందు శతాబ్దాల్లో చేపలు పట్టేవాళ్ల ఊరుగా మొదలై, గుళ్లు, మెట్ల కట్టడాలతో చిన్న పట్నమై, క్రీ.శ. 150 ప్రాంతంలో క్షీణించింది. మాయా లోతట్టు నేలల్లో అగ్నిపర్వతాలు లేవు. అయినా అక్కడి ఇళ్లలో నల్లటి గాజురాయి చురకత్తులు దొరుకుతాయి. ఆ రాయి గ్వాటెమాలా కొండల నుంచి వచ్చింది. రాయి రసాయన లక్షణాన్ని బట్టి ఏ కొండదో కూడా చెప్పగలుగుతున్నారు. ఇంటి ముందు పారేసిన ముక్క ఎక్కడిదో తేలితే దారి తేలుతుంది. మాయా ప్రజల దగ్గర బండి లాగే పశువు లేదు. సరుకంతా మనుషులు నుదుటికి పట్టీ కట్టుకుని వీపున మోశారు, లేదా దోనెల్లో తీసుకెళ్లారు. చక్రాలున్న బొమ్మలు మెక్సికో తూర్పు తీరంలో దొరికాయి గానీ, ఆ చక్రం బండి కింద ఎప్పుడూ తిరగలేదు. ఫణిగిరి తవ్వకంలోనూ ఒక బొమ్మబండి చక్రం దొరికింది. ఇక్కడ మాత్రం బొమ్మబండి వెనక నిజమైన బండి ఉంది. ఎడ్లున్న నేలకూ లేని నేలకూ మధ్య తేడా ఎంతో ఆ రెండు ఆటబొమ్మలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

ఇప్పుడు సిద్ధాంతాల సంగతి. 1945లో మార్టిమర్ వీలర్ పుదుచ్చేరి దగ్గర అరికమేడులో తవ్వకాలు జరిపి అక్కడ రోమన్ వర్తక స్థావరం ఉందన్నాడు. ఆ మాట ప్రభావం దశాబ్దాలు నిలిచింది. దక్షిణ భారతంలో ఎక్కడ రోమన్ నాణెం కనిపించినా దాన్ని రోమ్ గొప్పతనానికి సాక్ష్యంగా చూడటం అలవాటైంది. తర్వాత విమలా బెగ్లీ మొదలైనవాళ్లు అరికమేడును మళ్లీ పరిశీలించి, ఆ రేవు రోమన్లు రాకముందే ఉందని, అది స్థానికుల ఊరేనని చూపించారు. రెండో ధోరణి బౌద్ధ విహారాలకూ వర్తక శ్రేణులకూ ఉన్న సంబంధాన్ని పట్టుకుంది. డి.డి. కోశాంబి ఆలోచనను హిమాంశు ప్రభా రే 1986లో ‘మొనాస్టరీ అండ్ గిల్డ్’ పుస్తకంలో శాతవాహనుల దక్కనుకు విస్తరించి చూపారు. దారుల వెంట విహారాలు, విహారాలకు దానాలిచ్చే వర్తకులు అన్నది ఆ వాదన. మూడో ధోరణి హైదరాబాదు విశ్వవిద్యాలయంలో పనిచేసిన అలోకా పరాశర్ సేన్ వంటి చరిత్రకారులది. దక్కను ఊళ్లను ఉత్తరాది సామ్రాజ్యాలకో, పరదేశ వర్తకానికో తోకలుగా చూడకుండా, వాటి స్థానిక చరిత్రను వాటి నేల మీదే నిలబెట్టి చదవాలన్నది ఆ ధోరణి సారం.

ఈ మూడింటిలో మొదటిది ఫణిగిరికి అసలు సరిపోదు. రోమన్ వెండి ఈ జిల్లాకు వచ్చింది, నిజమే. ఆగస్టస్, టైబీరియస్ వెండికే ఇక్కడివాళ్లు మొగ్గు చూపారు. క్రీ.శ. 64లో నీరో వెండి పాలు తగ్గించిన తర్వాతి నాణేలు ఇక్కడి నిధుల్లో అంతగా కనిపించవు. అంటే అవి చేతికొచ్చినవాళ్లు చక్రవర్తి బొమ్మ చూసి కాదు, లోహం పాలు చూసి తీసుకున్నారు. ఆంధ్రదేశంలో దొరికిన రోమన్ నాణేల్లో కొన్నింటిమీద ఉలి గాట్లు, చిన్న చిన్న గుర్తులు ఉంటాయి. వెండి ఎంత స్వచ్ఛమో పరీక్షించినవో, ఇది మన చేతిది అని గుర్తు పెట్టినవో అయి ఉండాలి. మొత్తంమీద అది తూచి దాచుకున్న ఆస్తి. ఉప్పుకూ బెల్లానికీ ఎవరూ దీనారం విప్పరు.

పాత మహబూబ్‌నగర్ జిల్లాలో వీపనగండ్ల దగ్గర, పాత నల్లగొండలో గూటిపర్తిలో రోమన్ బంగారు నాణేలు కూడా దొరికాయి. బంగారం విషయంలో ఈ మాట ఇంకా గట్టిగా వర్తిస్తుంది. బంగారు నాణెం అంగడికి పోదు, పెట్టెలోకి పోతుంది.

అంగడికి పోయింది సీసం. శాతవాహనులు సీసం, పోటిన్ అనే రాగి తగరాల మిశ్రమం, రాగి, కొద్దిగా వెండి వాడారు. తెలంగాణ ఉత్తరాన పెద్దబంకూరులో 1968 తర్వాత వి.వి. కృష్ణశాస్త్రి జరిపిన తవ్వకాల్లో ఈ చిల్లర నాణేలు వేలకొద్దీ దొరికాయి. పాత మెదక్ జిల్లా కొండాపూర్‌లో 1940ల్లో గులాం యజ్దానీ కాలపు తవ్వకాల్లో నాణేలతోపాటు వాటిని పోసే మట్టి అచ్చులు దొరికాయి. టంకశాల ఉన్న ఊరన్నమాట. ఇంత చిల్లర ఎవరికి కావాలి? రోజూ కొనేవాళ్లకు, రోజూ అమ్మేవాళ్లకు. ఇక్ష్వాకులు వచ్చాక ఈ పద్ధతి అలాగే సాగిందని ఫణిగిరి కుండ చూపిస్తోంది. 3,730 నాణేలు ఒక్క చేతిలోకి చేరాయంటే దాని వెనక వందలాది చిన్న లావాదేవీలున్నాయి.

ఆ సీసం ఎక్కడిదన్నది మరో ఆసక్తికరమైన ముడి. పెరిప్లస్ పడమటి రేవుల్లో దిగే సరుకుల్లో రాగి, తగరం, సీసం పేర్లు వరసగా చెబుతుంది. మరోవైపు పల్నాడులో అగ్నిగుండాల దగ్గర సీసపు ఖనిజం ఉంది, ఇటీవలి దశాబ్దాల్లో అక్కడ గని నడిచింది. ఫణిగిరి నాణేల్లోని సీసాన్ని ఐసోటోపుల పరీక్షకు పంపి ఈ రెండిట్లో దేనితో సరిపోలుతుందో చూస్తే ఎన్నో ఊహలకు బదులు ఒక గట్టి జవాబు దొరుకుతుంది. మాయా గాజురాయి విషయంలో జరిగిన పని ఇదే. కుండ మొత్తం ఒకేచోట, ఒకే పొరలో, చెక్కుచెదరకుండా దొరకడం అరుదు. అలాంటి పరీక్షకు ఇంతకంటే మంచి నమూనా ఉండదు.

విహారం, శ్రేణి వాదనకు మాత్రం ఈ నేలలో గట్టి ఆధారాలున్నాయి. వాటిలో ఎక్కువ భాగం కృష్ణకు ఆవలి ఒడ్డున, నల్లగొండ నుంచి చూస్తే నది అవతలే కనిపించే నాగార్జునకొండలో ఉన్నాయి. 1926లో బయటపడి, 1927-31లో లాంగ్‌హర్స్ట్, 1954-60లో ఆర్. సుబ్రహ్మణ్యం తవ్విన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అది. అక్కడి శాసనాల్లో బోధిసిరి అనే ఉపాసికది చాలా పేరున్నది. ఆమె సింహళ భిక్షువుల కోసం కట్టించిన చైత్యం గురించి చెబుతూ, ఆ భిక్షువులు ప్రభావితం చేసిన దేశాల పేర్లు వరసగా పేర్కొంది: కాశ్మీరం, గాంధారం, చీనా, వంగ, వనవాసి, యవన, ద్రవిడం. కంటకసోల మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర రాతి మంటపం కట్టించినట్టు కూడా ఉంది. ఆ కంటకసోలే నేటి ఘంటసాల. గ్రీకు భూగోళకారుడు టాలెమీ రెండో శతాబ్దంలో దాన్ని రేవుపట్నంగా పేర్కొన్నాడు. ఘంటసాలలో దొరికిన ఒక శాసనంలో మహానావికుడి ప్రస్తావన ఉంది. ఓడలవాళ్లు, రేవు, రాజధాని, విహారం అన్నీ ఒకే దారానికి గుచ్చిన పూసల్లా కనిపిస్తాయి.

అయితే విజయపురిలో మరో శాసనం ఉంది, అంత పేరు లేనిది. ఒక శాశ్వత నిధిని కొన్ని శ్రేణుల దగ్గర డిపాజిట్టు చేసి, దాని వడ్డీతో ఆలయం ఖర్చులు నడపాలన్నది అందులోని ఏర్పాటు. ఆ శ్రేణుల్లో ఒకటి తమలపాకులవాళ్లది, ఇంకొకటి అప్పాలు చేసేవాళ్లది. రాజధానిలో దేవుడి సొమ్ము పెట్టుబడిగా పెట్టగలిగేంత నమ్మకం తమలపాకులు అమ్మేవాళ్లమీద, అప్పాలు వండేవాళ్లమీద ఉంది! ఏ రోమన్ బంగారు నాణెమూ చెప్పలేని సంగతి ఇది. ఇక్ష్వాకుల కాలపు వాణిజ్యపు వెన్నెముక పరదేశపు ఓడల్లోనే కాదు, వీధి చివరి దుకాణంలోనూ ఉంది.

ఫణిగిరిలోనూ దానం చేసిన మనిషి ముఖం ఒకటి కనిపిస్తుంది. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ ఏడాదిలో ఇక్కడ ఒక ధర్మచక్ర స్తంభం నిలిపారు. దానిమీది శాసనాన్ని ఆస్కార్ ఫాన్ హిన్యూబర్, పీటర్ స్కిల్లింగ్ 2011లో చదివి ప్రచురించారు. స్తంభం నిలిపినవాడు రాజు కాదు, వర్తకుడూ కాదు, ఒక ముఖ్య వైద్యుడు. ఈ శాసనంతో రుద్రపురుషదత్తుడు అంతకుముందు అనుకున్నదానికంటే ఎక్కువకాలం ఏలాడని తేలింది. గుట్టమీదికి వైద్యుడు వచ్చాడంటే, కింద అతడి మందులకు డబ్బిచ్చే జనమూ ఉన్నట్టే. విహారాన్ని వర్తకులే పోషించారని ఒకే గాటన కట్టడం కూడా తొందరపాటే. బాటసారి, రైతు, వైద్యుడు, కుమ్మరి, ఇనుము కాల్చేవాడు అందరి చేతుల సొమ్మూ ఆ మంటపాల్లో ఉంది.

ఫణిగిరి ఒంటరి గుట్ట కూడా కాదు. దానికి అందుబాటు దూరంలోనే వర్ధమానుకోట, గాజులబండ, తిరుమలగిరి, అర్వపల్లి వైపు తొలి చారిత్రక యుగపు గుర్తులున్నాయి. గాజులబండలోనూ బౌద్ధ శిథిలాలున్నాయి. తూర్పున ఖమ్మం వైపు పోతే నేలకొండపల్లి స్తూపం. ఈ చోట్లన్నీ పటంమీద పెడితే, ఒక మనిషి బండి తోలుకుంటూ రోజుకు పది పన్నెండు మైళ్లు నడిస్తే రాత్రికి ఎక్కడ దిగుతాడో అక్కడ ఒక గుట్ట, ఒక చెరువు, ఒక విహారం కనిపించేలా ఉంటాయి. ఫణిగిరి పాత్రను ఈ వరసలో పెట్టి చూడాలి. అది రేవు కాదు, రాజధాని కాదు. చుట్టుపక్కల ఊళ్ల ధాన్యం, పత్తి, ఇనుము చేరి, తీరం నుంచి ఉప్పు, శంఖం, గాజుపూసలు వచ్చి, చేతులు మారే మజిలీ అది. బండ్లు ఆగేది, ఎడ్లు నీళ్లు తాగేది, చిల్లర మారేది అక్కడే.

ఇక్కడ ఉప్పు గురించి ఒక మాట చెప్పాలి. తవ్వకాల నివేదికల్లో ఉప్పు ఉండదు. నీళ్లు తగిలితే కరిగిపోతుంది. కానీ నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టల్లో పండే జొన్నకూ సజ్జకూ ఉప్పు కావాలి, గొర్రెలకూ కావాలి. సముద్రపు ఉప్పు తీరం నుంచే రావాలి. తాటిచాప, ఎండుచేప, నూలు, నువ్వులు, చింతపండు ఏవీ మట్టిలో నిలవవు. నిలిచేది రాయి, పూస, పెంకు, లోహం మాత్రమే. అందుకే తవ్వకాల్లో దొరికినదాన్ని బట్టి వర్తకాన్ని లెక్క కడితే బరువైన, అవసరమైన సరుకులన్నీ లెక్కలోంచి జారిపోతాయి. పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఈ దేశపు బాటల మీద పదివేలు, పన్నెండు వేల ఎద్దుల బిడారులు చూశానని రాశాడు. వాటిమీద ఉన్నది వజ్రాలు కాదు. బియ్యం, ధాన్యం, ఉప్పు. మెట్టప్రాంతపు వృద్ధుల నోళ్లలో పెరిక ఎద్దుల మాట, ఎద్దు వీపున రెండువైపులా వేలాడే ఉప్పు సంచుల మాట ఇంకా ఉంది. శాతవాహనుల నాటి ఎద్దు మోసింది కూడా దీనికి మరీ దూరం కాదు.

దక్షిణాన, మహబూబ్‌నగర్ వైపు బొమ్మ వేరు. కృష్ణ తెలంగాణలోకి వచ్చేచోటికి దగ్గర్లో, నేటి నారాయణపేట జిల్లాలోని ముడుమాల్ దగ్గర నిలువురాళ్ల గుంపు ఉంది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. తొలి బాటలకంటే ఎన్నో శతాబ్దాల ముందే ఈ నది ఒడ్డున మనుషులు చేరి రాళ్లు నిలబెట్టి ఆకాశాన్ని గమనించారు. కానీ కొల్లాపూర్ దాటాక కృష్ణ నల్లమలలోకి దిగుతుంది. కొండల మధ్య లోతుగా, రాళ్లమీదుగా పారుతుంది. అక్కడ పెద్ద పడవ నడవదు. పుట్టి వేసుకుని ఒడ్డునుంచి ఒడ్డుకు దాటొచ్చు, అంతే. నది ఉన్నా నీటిదారి లేని నేల అది. అందుకే సరుకు ఆ మెట్టల్లో ఎడ్లమీదనే కదలాలి, లేదా నల్లమలను చుట్టి రావాలి. కృష్ణ ఆ కొండల ఇరుకు దాటి మళ్లీ వెడల్పయ్యేది ఏలేశ్వరం, నాగార్జునకొండ దగ్గర. ఇక్ష్వాకులు రాజధానిని అక్కడ పెట్టుకోవడానికి ఈ భూగోళం ఒక ముఖ్య కారణం.

ఏలేశ్వరం ఇప్పుడు లేదు. నల్లగొండ ఒడ్డున, విజయపురికి ఎదురుగా అన్నట్టు ఉన్న ఆ ఊరిని నాగార్జునసాగర్ ముంచేముందు అబ్దుల్ వహీద్ ఖాన్ తవ్వారు. పెద్దరాళ్ల సమాధుల కాలం నుంచి మధ్యయుగం దాకా పొరలు కనిపించాయి. నివేదిక 1963లో వచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట నుంచి 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. విజయపురి శిథిలాల్లో కొన్నింటిని తీసి కొండమీద తిరిగి నిలబెట్టారు. ఏలేశ్వరానికి అంత ఏర్పాటు జరగలేదు. దక్షిణాన శ్రీశైలం జలాశయం కింద కూడా ఎన్నో పాత ఊళ్లు పోయాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురానికి తరలించారు. గుడి తరలింది. గుడికింద మట్టిలో ఉన్న అంగడి తరలలేదు. నీళ్లు రైతులకు అవసరమే, దానిమీద వాదన లేదు. కానీ దక్షిణ తెలంగాణ తొలి వాణిజ్యంలో నదిఒడ్డు భాగం ఇక ఎవరూ తవ్వలేరన్నది మాత్రం గుండెను నొక్కే నిజం. అందుకే మిగిలిన మెట్టప్రాంతపు ఊళ్లకు, ఫణిగిరికి, ఇంత విలువ.

ఆ విలువ ఇంకా చాలావరకు మట్టిలోనే ఉంది. ఫణిగిరి తవ్వకాల దృష్టి మొదట్నుంచీ ఎక్కువగా గుట్టమీదే నిలిచింది. స్తూపం, శిల్పం, శాసనం దొరికేది అక్కడే కాబట్టి అది సహజం. కానీ వర్తకం జరిగింది గుట్ట కింద. తెలంగాణ పల్లెల్లో పాతఊరు ఉన్న దిబ్బను పాటిగడ్డ అంటారు. అక్కడి మట్టి బూడిదతో, ఎరువుతో కలిసి మెత్తగా, నల్లగా ఉంటుంది. దాన్ని పాటిమన్ను అంటారు. ఎండాకాలం వచ్చిందంటే రైతులు ఒకప్పుడు బండ్లతో, ఇప్పుడు ట్రాక్టర్లతో తోలుకెళ్లి చెలకల్లో చల్లుకుంటారు. పంటకు మంచిది. దాంతోపాటు పెంకులు, పూసలు, చిల్లర నాణేలు కూడా చేనుకు పోతాయి. ఏ పొర ఎక్కడుందో చెప్పే ఆధారం ట్రాక్టరు తొట్టిలో కలిసిపోతుంది. ఇందులో రైతు తప్పు లేదు. అతనికెవరూ చెప్పలేదు, చెప్పినా ఎరువుకు బదులు ఏమిస్తారో చెప్పలేదు.

ఫణిగిరి చుట్టూ పది పదిహేను కిలోమీటర్ల లోపల ఉన్న పాటిగడ్డల జాబితా తయారుచేసి, ఒక్కోదానిలో చిన్న గుంటలు తవ్వి, పెంకుల్నీ పూసల్నీ సీసపు ముక్కల్నీ పొరలవారీగా లెక్క కడితే, కుండలోని 3,730 నాణేలు ఎక్కడెక్కడ తిరిగి ఎవరి చేతులమీదుగా గుట్టకు చేరాయో తెలిసే వీలుంది. నూతనకల్, తుంగతుర్తి, మోత్కూరు వైపు ఊళ్లలో ఇలాంటి దిబ్బల పేర్లు ముసలివాళ్లకు ఇంకా నోటనున్నాయి. విశ్వవిద్యాలయ చరిత్ర విద్యార్థులు రెండు వేసవి సెలవులు ఊళ్ల వెంట తిరిగితే ఈ జాబితా తయారవుతుంది. వచ్చే ఎండాకాలం ట్రాక్టర్లు రాకముందే అది మొదలుకావాలి.